బీడీలు చుట్టే అమ్మ మీద సినిమా తీయాలనుకుంటున్న చెల్లెమ్మకు

చెల్లెమ్మా, నీ ప్రశ్న చదివాను. మీది కోరుట్ల దగ్గర ఊరు, అమ్మ బీడీలు చుడుతుంది, నాన్న దుబాయ్‌లో చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చాడు, నువ్వు హనుమకొండలో చదువుకుంటూ ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నావు. మూడు సంగతులు అడిగావు. సమాజం గురించి మాట్లాడే సినిమాలే తీస్తూ జీవితం గడపొచ్చా? ముందు హైదరాబాద్ వెళ్లి ఎవరైనా పెద్ద డైరెక్టర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాలా, లేక ఇక్కడే అమ్మ మీద డాక్యుమెంటరీ మొదలుపెట్టాలా? డబ్బిస్తామంటున్న సంస్థ చివర్లో తమ సందేశం పెట్టాలంటోంది, ఒప్పుకోవాలా? నేను వరంగల్‌లోనే ఉండి చాలాకాలంగా డాక్యుమెంటరీలు తీస్తున్నాను, వేరేవాళ్ల సినిమాలకు ఎడిటింగ్ చేస్తున్నాను. నాకు తెలిసింది చెప్తాను, కాస్త పొడుగైనా ఓపికగా చదువు.

గడపొచ్చు. అయితే ఆ సినిమాల మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడుస్తుందని మాత్రం అనుకోకు. సినిమా పని వచ్చిన చేతికి ఊళ్లో ఎప్పుడూ పని దొరుకుతుంది, ఇల్లు గడిచేది దాంతో. ఈ రెండూ ఒకటే అనుకుని అప్పు చేసి ఒక సినిమా తీసి, అది ఆడక, మళ్లీ కెమెరా ముట్టనివాళ్లు మన జిల్లాల్లో తక్కువేం లేరు. వాళ్లలో నిజంగా మంచి కన్నున్నవాళ్లు ఉన్నారు, నాకు బాధ అందుకే.

ఈ దారి గురించి మాట్లాడాలంటే దర్శకుడు బి. నరసింగరావు గారి దగ్గర మొదలుపెట్టాలి. మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌లో 1946లో పుట్టారు. 'మా భూమి' అనగానే అందరూ ఆయన పేరే చెప్తారు గానీ, ఆ సినిమాకు ఆయన నిర్మాత. దర్శకత్వానికి బెంగాల్ నుంచి గౌతమ్ ఘోష్‌ను తీసుకొచ్చారు, ఘోష్‌కు అదే మొదటి కథాచిత్రం. కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. గద్దర్ తెరమీద 'బండెనక బండి కట్టి' పాడింది అందులోనే. అంటే తెలంగాణ రైతు పోరాటం మీద మనకున్న గొప్ప సినిమా ఒక ఉర్దూ రచయిత, ఒక బెంగాలీ దర్శకుడు, మన పాటగాళ్లు, ప్రజ్ఞాపూర్ మనిషి కలిస్తే తయారైంది. 'మన కథ మనమే చెప్పాలి' అని నువ్వు రాసిన మాట నాకు నచ్చింది. కానీ దాన్ని మరీ బిగించి పట్టుకోకు.

'మా భూమి' సంగతి అందరికీ తెలుసు. నువ్వు చూడాల్సింది ఆ తర్వాతి పదేళ్లు. 1983లో 'రంగుల కల' తీశారు, నగరంలో ఒక చిత్రకారుడి కథ, ఆయనే నటించారు కూడా. 1987లో 'మా ఊరు' అనే డాక్యుమెంటరీ, తెలంగాణ పల్లె బతుకు మీద. 1988లో 'దాసి'. 1990లో 'మట్టి మనుషులు', ఊరు వదిలి నగరానికి వచ్చి కట్టడాల దగ్గర కూలిచేసే వాళ్ల కథ. వీటిని వరుసగా చూడు. ఊరు ఎలా తిరగబడిందో మొదట 'మా భూమి'లో చూపించి, తర్వాత ఆ ఊరు రోజూ ఎలా బతుకుతుందో చూపించి, తర్వాత దొరలుండే కోటలాంటి ఇల్లు, గడీ తలుపు తీసి లోపలున్న ఒక ఆడమనిషి దగ్గర కెమెరా పెట్టి, చివరకు ఆ ఊరి నుంచి బస్సెక్కి వెళ్లిపోయిన వాళ్ల వెంట వెళ్లారు. విషయాలు వేరువేరుగా కనిపిస్తాయి, నేల ఒక్కటే.

'దాసి' మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నీకు పనికొచ్చేది అందులోనే ఉంది. 1920ల నాటి గడీలో కమలాక్షి అనే దాసి కథ అది. అర్చన నటించింది, ఆమెకు ఉత్తమ నటి జాతీయ అవార్డు వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రం, ఛాయాగ్రహణం, కళా దర్శకత్వం, దుస్తులు, వీటితో కలిపి ఐదు జాతీయ అవార్డులు దానికి. కమలాక్షి పెద్దగా మాట్లాడదు. ఆమె చాకిరీనే మనం చూస్తూ ఉంటాం. దొర మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ వచ్చి చెప్పరు. చెప్పకపోయినా, ఇరవై ఏళ్ల తర్వాత ఈ ఊళ్లు ఎందుకు లేచాయో చూసేవాడికి కడుపులో తెలుస్తుంది. ఏడాది ముందు ఊరి మీద డాక్యుమెంటరీ తీసిన కన్ను ఇక్కడ పనిచేసిందని నాకనిపిస్తుంది. చీర ఎలా కట్టుకుంటారు, గిన్నె ఎక్కడ పెడతారు, ఒక మనిషి ఇంకో మనిషి ముందు ఎలా నిలబడతారు, ఇవన్నీ ఊళ్లో కూర్చుని చూస్తేనే వస్తాయి. అందుకే డాక్యుమెంటరీనా, కథా సినిమానా అని తగువు పెట్టుకోవాల్సిన పని నీకు లేదు. ఒకటి రెండోదానికి తిండి పెడుతుంది.

'మట్టి మనుషులు' తర్వాత ఆయన కథాచిత్రం 'హరివిల్లు' వచ్చింది 2003లో. మధ్యలో పదమూడేళ్లు. ఆయన చిత్రకారుడు, కవి, ఫొటోగ్రాఫర్ కూడా. ఈ రకం కెరీర్‌లో ఖాళీలు ఉంటాయి. ఏడాదికో సినిమా రాకపోతే ఓడిపోయినట్టు భావించే లోకం సినిమా ఇండస్ట్రీది. ఆ కొలత నీకు పెట్టుకోకు, పిచ్చెక్కుతుంది.

హిందీ సినిమాల దర్శకుడు శ్యామ్ బెనెగల్ సంగతి క్లుప్తంగా. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టిన మనిషి, బొంబాయిలో ఏళ్ల తరబడి యాడ్ ఫిల్మ్‌లు తీసి బతికాడు. 1974లో 'అంకుర్' తీసేటప్పటికి ఆయన వయసు నలభై దగ్గర పడింది. కథ మాత్రం తెలంగాణ పల్లెది. 'నిశాంత్' కూడా ఇక్కడి దొరల కాలానిదే, 'సుస్మన్' పోచంపల్లి నేతగాళ్లది, 2010లో వచ్చిన 'వెల్‌డన్ అబ్బా' కాగితం మీద మాత్రమే తవ్విన బావిది. ఉన్నది బొంబాయిలో, తిరిగి తిరిగి వచ్చింది ఈ మట్టికి. యాడ్ ఫిల్మ్‌లు తీయడం వల్ల ఆయన చేయి పాడవలేదు. ఇల్లు గడిచే పని వేరే ఉంది కాబట్టే మొదటి సినిమాను ఎవరి ఇష్టానికో వంచాల్సిన అవసరం రాలేదని నేను నమ్ముతాను.

నీకు నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. సమాజం గురించి సినిమాలు తీసేవాళ్లను నిలబెట్టేది వాళ్లు ఎంచుకున్న సమస్య ఎంత పెద్దది అన్నది కాదు. ఒక చోటి మనుషులను పట్టుకుని ఎన్నేళ్లు వదలకుండా ఉన్నారన్నది. ఈ ఏడాది రైతు ఆత్మహత్యలు, వచ్చే ఏడాది డ్రగ్స్, ఆపై ఏడాది సైబర్ మోసాలు అని వార్తల వెంట పరిగెత్తేవాళ్లకు అవార్డులు రావొచ్చు, కానీ ఏ ఊరూ వాళ్లకు తలుపు రెండోసారి తీయదు.

ఇప్పుడు నీ సినిమా. 'బీడీ కార్మికుల సమస్యలు' అని పేరు పెట్టుకున్నావు. అది పత్రికలో వ్యాసానికి సరిపోతుంది. 2019లో వచ్చిన 'మల్లేశం' చూశావా? ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారి జీవితం, ఆసు యంత్రం కనిపెట్టినందుకు ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేసే ముందు దారాన్ని పేర్చి చుట్టాలంటే, ఆయన తల్లి వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. భుజం పోతుంది. ఆ భుజం నొప్పి దగ్గర మొదలైంది కాబట్టే సినిమా నిలబడింది. చేనేత సంక్షోభం మొత్తం ఆ ఒక్క భుజంలో కనిపిస్తుంది.

నీ ఇంట్లో అలాంటిది ఏముంది? తెల్లారకముందే తడిపిన ఆకు, కత్తెర, ఒళ్లో చేట, తంబాకు దుమ్ము, దారం. ఆకు కొలతకు కత్తిరించడం నుంచి కొన మడిచి దారం చుట్టడం దాకా అమ్మ వేళ్లు చూడకుండానే చేసేస్తాయి, ఆ చేసేటప్పుడు ఆమె కళ్లు ఎక్కడుంటాయి? టీవీ మీదా, పొయ్యి మీదా, వాకిట్లోకి వచ్చేవాళ్ల మీదా? నిన్ను బడికి పంపే రోజుల్లో నీ మీద ఉండేవా? కార్ఖానాకు గంప పట్టుకుపోతే అక్కడ ఏరి పక్కన పారేసేవి ఎన్ని, ఆ పారేసిన వాటికి కూలీ ఎవరి ఖాతాలో పోతుంది? ఇచ్చిన ఆకు వెయ్యి బీడీలకు సరిపోకపోతే తక్కువ పడ్డ ఆకు ఎవరు కొంటారు? ఇవి అమ్మను అడుగు, కెమెరా లేకుండా అడుగు. జవాబులు వింటుంటే సినిమా ఎక్కడ మొదలవ్వాలో నీకే తెలుస్తుంది. ఇంటర్వ్యూలు ముందే తీసి పెట్టుకోకు, కెమెరా ముందు ఒకసారి చెప్పిన మాట రెండోసారి అంత తేటగా రాదు.

ఇంకో సంగతి, కాస్త కష్టమైనది. అమ్మ చుట్టేది మనుషుల ఊపిరితిత్తులు తినే వస్తువు. పొగాకు ప్యాకెట్ల మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ ఉండాలని 2016 నుంచి నిబంధన ఉంది, అది బీడీ కట్టలకూ వర్తిస్తుంది. ఆ దుమ్ము అమ్మ కూడా పీలుస్తోంది. ఆ డబ్బుతోనే నీ ఫీజు కట్టింది. బీడీ మానండి అంటే అమ్మ పని పోతుంది, బీడీ నిలవాలి అంటే ఇంకెవరి నాన్నో దగ్గుతూ ఉంటాడు. చాలామంది డైరెక్టర్లు దీన్ని దాటేసి, యజమాని చెడ్డవాడు, కార్మికురాలు మంచిది అని ముగించేస్తారు. నువ్వు దాటేయకు. జవాబు నీ దగ్గర లేకపోయినా ఆ ముడిని ముడిలాగే తెరమీద పెట్టు. చూసేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు.

ఈ ఒక్క ఇంటి నుంచి నీకు ఇంకా సినిమాలు ఉన్నాయి, గమనించావా? అమ్మ బీడీ చుట్టే ఆ తునికాకు ఎక్కడ నుంచి వస్తుంది? ఎండాకాలంలో ఏటూరునాగారం వైపు, ఆదిలాబాద్ వైపు అడవుల్లో తెల్లవారుజామునే ఆడవాళ్లు, పిల్లలు ఆకు తెంపుతారు. 50 ఆకులు ఒక కట్ట, కల్లంలో ఎండబెడతారు, కట్టల లెక్కన డబ్బు. ఎండాకాలం రెండు నెలల్లో ఆ ఇంటి ఏడాది నగదులో పెద్ద భాగం వస్తుంది. వాళ్లు నీ రెండో సినిమా. మీ నాన్న దుబాయ్ మూడోది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు మనిషి వెళ్లని ఊరు దొరకడం కష్టం. తిరిగొచ్చిన మగవాడు ఇంట్లో రోజంతా ఏం చేస్తాడు, ఇన్నేళ్లూ ఇల్లు నడిపిన ఆడమనిషి అతన్ని ఎలా చూస్తుంది, దాని మీద ఎవరూ సరిగా తీయలేదు అనిపిస్తుంది నాకు. అది కథా సినిమా అయినా కావొచ్చు.

షూటింగ్ గురించి రెండు మాటలే, మిగతావి యూట్యూబ్‌లో దొరుకుతాయి. కెమెరాకు పెట్టే డబ్బులో సగం సౌండ్‌కు పెట్టు. కత్తెర చప్పుడు, ఆకు చప్పుడు, పక్కింటి సీరియల్ చప్పుడు విడిగా రికార్డ్ చేసుకో. మసకగా ఉన్న షాట్ జనం భరిస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. ఫుటేజీ వేరువేరు ఇళ్లలో రెండు హార్డ్ డిస్క్‌లలో ఉంచు.

మనుషుల విషయంలో మాత్రం ఇంత తేలిగ్గా వదలను. మీ వాడకట్టులో ఆడవాళ్లు కార్ఖానాకు వ్యతిరేకంగా కెమెరా ముందు మాట్లాడొచ్చు. నువ్వు అమ్మాయివి, తెలిసినదానివి కాబట్టి ధైర్యంగా మాట్లాడతారు. మర్నాడు టేకేదారు, అంటే పని ఇచ్చే కాంట్రాక్టర్, ఆకు ఇవ్వనంటే? పీఎఫ్ ఉన్న కార్డు పోతే? కాబట్టి షూటింగ్ అప్పుడు ఒకసారి, ఎడిటింగ్ అయ్యాక ఇంకోసారి, బయట చూపించే ముందు మళ్లీ అడగాలి. మొదటిసారి సరే అన్న మనిషి మూడోసారి వద్దంటే ఆ సీన్ తీసెయ్యాలి, ఎంత మంచి సీనైనా. మొదటి ప్రదర్శన మీ వాడకట్టులోనే పెట్టు. వాళ్లు నవ్వే చోట నువ్వు ఏడుపు మ్యూజిక్ పెట్టి ఉంటే ఆ మ్యూజిక్ తప్పు.

సినిమా వల్ల పేరొచ్చిన మనుషులకు తర్వాత ఏమవుతుందన్నది కూడా ఆలోచించాలి. సిరిసిల్ల వాడైన వేణు యెల్దండి ఏళ్ల తరబడి కమెడియన్‌గా నటించి, 2023లో 'బలగం' తీశాడు. ఊళ్లల్లో తెరలు కట్టి చూశారు జనం. చావింట్లో కాకి ముట్టడం అనే ఒక్క ఆచారం మీద మొత్తం కుటుంబపు గొడవను నిలబెట్టాడు. ఏ ఉపన్యాసమూ చేయలేని పని అది. చివర్లో పాడింది మన వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ. రాష్ట్రమంతా వాళ్ల పాటకు ఏడ్చింది. మొగిలయ్య కిడ్నీ జబ్బుతో బాధపడి 2024 డిసెంబర్‌లో చనిపోయాడు. డైరెక్టర్, సినిమావాళ్లు, ప్రభుత్వం సాయం చేశారు, ఆ విషయంలో ఎవరినీ అనడానికి లేదు. నా బాధ వేరే. ఆ సినిమా రాకముందు కూడా ఆయన అంతే బాగా పాడేవాడు, అప్పుడు అడిగినవాళ్లు ఎందరు? ఇలాంటి కళాకారులను ఆదుకోవడం సినిమా ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. కానీ నువ్వు ఒగ్గు కథ చెప్పేవాళ్లనో, పటం కథ చెప్పేవాళ్లనో, చిందు వాళ్లనో నీ సినిమాలోకి తెచ్చుకుంటే, పారితోషికం బడ్జెట్‌లో మొదటి వరుసలో రాయి. 'ఆర్ట్ కోసం' అని ఊరికే పాడించుకోకు. పేరు టైటిల్స్‌లో వెయ్యి.

హైదరాబాద్ వెళ్లాలా? వెళ్లు, అమ్మ సినిమా షూటింగ్ అయ్యాక. వెళ్లినప్పుడు డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ఏడో అసిస్టెంట్‌గా చేరితే నీకు వచ్చేది క్లాప్ కొట్టడం, ఆర్టిస్టులకు ఫోన్ చేయడం. ఎడిటింగ్ రూమ్‌లోనో, సౌండ్ స్టూడియోలోనో చేరు. జీతం తక్కువే, కానీ ఆ పని వస్తే నీకు ఎక్కడైనా అన్నం దొరుకుతుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడానికి సిగ్గుపడకు. ఆఫీసుల ట్రైనింగ్ ఫిల్మ్‌లు, కాలేజీల వీడియోలు చెయ్యి. వరంగల్‌లో ఈ పనికి కొదవ లేదు, అద్దె హైదరాబాద్‌లో సగం కూడా ఉండదు. మన వరంగల్ వాడే అయిన వేణు ఊడుగుల మొదట తీసింది 'నీదీ నాదీ ఒకే కథ', చదువు రాని కొడుకు, తండ్రి మధ్య కథ, 2018లో. ఆ తర్వాతే 2022లో 'విరాటపర్వం' లాంటి పెద్ద నటులున్న, అడవి బాట పట్టిన నక్సలైట్ల కథ. చిన్న ఇల్లు ముందు, పెద్ద చరిత్ర తర్వాత. ఆ వరుస నాకు సబబుగా తోస్తుంది.

సినిమాలు చూడటం కూడా పనే. కరీంనగర్‌లో ఫిల్మ్ సొసైటీ వాళ్లకు సొంత ఫిల్మ్ భవనే ఉంది, ఒక జిల్లా కేంద్రంలో అలాంటిది ఉండటం గర్వించాల్సిన విషయం. హైదరాబాద్ రవీంద్రభారతిలో పైడి జైరాజ్ పేరిట ప్రివ్యూ థియేటర్ ఉంది, భాషా సాంస్కృతిక శాఖ 'సినివారం' పేరుతో శనివారాలు కొత్త పిల్లల సినిమాలు వేసింది అక్కడే. జైరాజ్ పాత హిందీ సినిమాల నటుడు, కరీంనగర్ మనిషి, 1980 ఫాల్కే అవార్డు గ్రహీత. అలాంటి చోట్లకు పోయి కూర్చుంటే కెమెరామన్ దొరుకుతాడు, సౌండ్ మనిషి దొరుకుతాడు, నిజం చెప్పే స్నేహితుడు దొరుకుతాడు.

సినిమా పూర్తయ్యాక సెన్సార్ సర్టిఫికెట్ తీసుకో, చిన్న డాక్యుమెంటరీ అయినా సరే. యూట్యూబ్‌లో పెట్టడానికి అది అక్కర్లేదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. కానీ జాతీయ అవార్డులకు పంపాలంటే, థియేటర్లో వేయాలంటే అది కావాలి. 2023 సవరణ తర్వాత యూఏలో, అంటే పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గ సినిమాలకిచ్చే సర్టిఫికెట్‌లో, 7, 13, 16 ఏళ్ల వర్గాలు వచ్చాయి, సర్టిఫికెట్‌కు కాలపరిమితి తీసేశారు. సర్టిఫికెట్ విషయంలో తగువొస్తే ఇదివరకు అప్పీలుకు ట్రిబ్యునల్ ఉండేది, 2021లో దాన్ని రద్దు చేశారు, ఇప్పుడు నేరుగా హైకోర్టుకే పోవాలి. నీలాంటి వాళ్లకు అది తలకు మించిన ఖర్చు. కాబట్టి ఎవరి మీదైనా ఆరోపణ ఉంటే దానికి కాగితం ఆధారం ముందే దగ్గర పెట్టుకో. ఇంకోటి, ఎలా చూపించాలో తీసేముందే ఆలోచించు. అల్లాణి శ్రీధర్ 'కొమరం భీం' 1990లో తయారైంది, థియేటర్లకు వచ్చింది 2010లో. ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో ఆ సినిమా చూడాల్సిన ఒక తరం పెద్దదైపోయింది.

ఇక సంస్థ డబ్బు. చివర్లో 'పొగాకు మానండి, ప్రత్యామ్నాయ ఉపాధి వైపు నడవండి' అని వాళ్ల ప్రతినిధి మాట్లాడే సీన్ పెట్టాలన్నారని రాశావు. ఆ డబ్బు తీసుకోకు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, బహుశా మంచి పనే చేస్తున్నారు. కానీ ఆ ఒక్క నిమిషంతో అమ్మ గంటసేపు చూపించిన బతుకు వాళ్ల మాటకు ఉదాహరణ అయిపోతుంది. బదులుగా వాళ్లకు విడిగా ఒక చిన్న అవగాహన వీడియో చేసిస్తానని చెప్పు, దానికి కూలీ తీసుకో, ఆ కూలీ ఈ సినిమాకు పెట్టు. ఒప్పందం కాగితం మీద రాసుకో. అమ్మ ఫుటేజీ మీద హక్కు నీదేనని, వాళ్ల వీడియోలో ఆమె ముఖం వాడకూడదని అందులో స్పష్టంగా ఉండాలి. దీనికీ కాదంటే వదిలేయ్. బెనెగల్ 'మంథన్'కు గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేశారు. అంత పెద్ద సహకార సంఘం మనకు లేదు, కానీ నీ సినిమాకు కావాల్సింది కూడా అంత లేదు. మీ ఊళ్లో మహిళా సంఘం ఉంటుంది, దుబాయ్‌లో మీ ఊరి పిల్లల వాట్సాప్ గ్రూప్ ఉంటుంది. వాళ్లను అడుగు, ఇచ్చిన ప్రతి పేరూ టైటిల్స్‌లో వేస్తానని చెప్పు. ఖర్చు లెక్క రాసి పెట్టావంటే నాకు పంపు, ఎక్కడ తగ్గించొచ్చో చూసి చెప్తాను.